మనోవిషాదము - మెదడునందలి నిప్పు



నేటి నా ప్రసంగమునకు విషయము మనోవిషాదము. ఈ మాట చెవిని బడగానే మీలో కొందఱు "ఇది పట్టణమునందు కుర్చీలలో కూర్చుండువారి జబ్బు, ఎండలో పని చేయువానికి దీనితో నేమి పని?" అని యనుకొనవచ్చును. కాని యీ జబ్బు మన నిజామాబాదు, బోధను ప్రాంతములయందు లేకపోలేదు. దాని పేరు మాత్రమే మనకు వేఱు. "దిగులు పట్టినది" అందుము. "గాలి సోకినది" అందుము. "మనసు విఱిగినది" అందుము. అన్నిటికంటె ఎక్కువగా "వాడు సోమరియై పోయినాడు" అందుము. దిగులనినను సరియే, మనసు విఱిగినదనినను సరియే. సోమరి యను మాట మాత్రము నాకు సమ్మతము కాదు. అది యేల సమ్మతము కాదో చెప్పుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

నేను వైద్యుడను కాను. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. చిన్ననాట గురువులకడ కావ్యములతోబాటు కొంత ఆయుర్వేదమును చదివితిని. నాకడ చదివినవారిలో ఇద్దఱు వైద్యులైరి. వారు తెచ్చియిచ్చు పుస్తకములను వారిచేతనే అర్థము చెప్పించుకొని చదువుట యిప్పటి నా వ్యాపకము. ముసలితనమున శిష్యులయొద్ద పాఠము వినుట యొక వింత సుఖము.

మన పూర్వులు విషాదమును చిన్నచూపు చూడలేదు. చరకసంహిత సూత్రస్థానమునందు ఏ పనికి ఏది ముఖ్యమో తెలుపు పెద్ద పట్టిక యొకటి కలదు. అందు రోగములను పెంచువానిలో విషాదమే మొదటిదని చెప్పబడినది. పుట్టించునని కాదు, పెంచునని చెప్పుట గమనింపదగినది. భగవద్గీత మొదటి అధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. అచ్చట అర్జునుడు తన బాధను చెప్పుకొను వరుసను మీరెప్పుడైన పరికించితిరా? అవయవములు పట్టుదప్పుట, నోరెండుట, వణకు పుట్టుట, చేతినుండి విల్లు జాఱుట, చర్మము మండుట, నిలువలేకపోవుట, ఇవన్నియు నైన పిమ్మటనే మనసు తిరుగుచున్నదను మాట వచ్చును. ముందు శరీరము, తరువాత మనసు. అర్జునుని విషాదము ఒక్క పూటది. ఆయన ప్రక్కన సారథి యున్నాడు. నేను చెప్పబోవునది నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి, సారథి లేనివానిని పట్టియుండు విషాదము.

ఇక మెదడు సంగతి. మానవుని మెదడు తూకము ఇంచుమించు 1,400 గ్రాములు. శరీరపు బరువులో నూటికి 2 వంతులు. కాని మనము ఊరక కూర్చున్న వేళ శరీరము వ్యయపఱచు శక్తిలో నూటికి 20 వంతులను ఈ 2 వంతులే తినివేయును. ఏబదిమంది కూర్చున్న బంతిలో ఒక్కడు పదిమంది యన్నము తినినట్లు. ఇది ఊహించి చెప్పినది కాదు. 1940వ దశకమున అమెరికాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ అను వైద్యులు మెదడునకు పోవు నెత్తురును, మెదడునుండి తిరిగి వచ్చు నెత్తురును పోల్చి చూచి మెదడు వాడుకొను ప్రాణవాయువును లెక్కగట్టిరి. ఒక వింత యేమనగా, కఠినమైన గుణకారములు చేయుచున్నను, ఊరక కన్నులు మూసికొని కూర్చున్నను ఈ మొత్తము వ్యయము పెద్దగా మారదు. గాఢనిద్రలో మాత్రమే తగ్గును. దినమునకు 100 గ్రాములకు పైగా చక్కెర, అనగా నెత్తుటిలోని గ్లూకోజు, మెదడొక్కటే కాల్చుకొనును.

ఇంత తినునది తనకొఱకు గాదె కట్టుకొన్నదా యనిన, లేదు. కండలయందును కాలేయమునందును చక్కెర నిలువలుండును. మెదడున నున్న నిలువ కొన్ని నిమిషములకైనను చాలుట కష్టము. నెత్తురు నిలిచిపోయిన పది సెకనులలో మనిషి తెలివి తప్పును. నాటిది నాటికి కాదు, ఈ క్షణపుది ఈ క్షణమునకు తెచ్చుకొను బ్రతుకు దానిది.

ఈ శక్తి యంతయు దేనికి ఖర్చగును? ఆలోచించుటకని మీరనుకొందురు. నిజమునకు అందులో అధికభాగము నీరు తోడుటవంటి పనికే పోవును. మన తాతలనాట మోటబావి క్రింద వ్యవసాయము చేసినవారికి ఇది సులభముగ తెలియును. మోట నిలిచిన గడియలో కాలువ ఎండును. అట్లే ప్రతి నాడీకణములోనికిని సోడియమను ఉప్పు ఊరుచుండును. దానిని బయటికి తోడుచుండవలెను, పొటాసియమును లోనికి చేదుకొనుచుండవలెను. ఈ తోడుడు ఆగినచో కణము ఒక్క మాటయు పలుకలేదు. తోడు యంత్రము నెట్టిదో 1957లో డెన్మార్కు దేశీయుడు జెన్స్ స్కో కనుగొనెను. అందులకు 1997లో నోబెల్ బహుమానము వచ్చినది. నలువది సంవత్సరములు వేచినాడన్నమాట.

ఇప్పుడు బోధను చక్కెర కార్ఖానాను తలచుకొనుడు. 1937లో నిజాం ప్రభుత్వకాలమున స్థాపింపబడిన ఆ కార్ఖానా చుట్టును శక్కర్‌నగరమే వెలసినది. 1923 మొదలు 1931 వఱకు మంజీరకు అడ్డముగా, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దరు ఇంజనీరుగా కట్టబడిన నిజాంసాగరపు నీరు దాని చెఱకునకు ప్రాణము. చక్కెర కార్ఖానాలో గానుగలను త్రిప్పునది చెఱకు కాదు. రసము పిండిన పిప్పిని బాయిలరు క్రింద వేసి కాల్తురు, నీరు ఆవిరియగును, ఆ ఆవిరియే చక్రములను త్రిప్పును. పిప్పి కొండవలె పడియున్నను బాయిలరు మండనిచో ఒక్క చక్రమైనను కదలదు. మన కణములోను ఇంతే. గ్లూకోజు తనంతట తాను ఏ పనియు చేయదు. కణమునందు మైటోకాండ్రియా యను మిక్కిలి చిన్న కొలుములు వందలు వేలుగా నుండును. గ్లూకోజు ముక్కలై వానియందు ప్రాణవాయువుతో కాలి, ఏటీపీ యను పదార్థమును పుట్టించును. ఏటీపీయే మన ఆవిరి. ఏ క్షణమున చూచినను శరీరమున నుండు ఏటీపీ కొన్ని పదుల గ్రాములే. కాని అది విఱుగుచు, మరల కట్టబడుచు, ఒక్క దినములో మొత్తము లెక్కగట్టిన మన శరీరపు బరువంత యగును.

ఈ ఏటీపీని లోకమునకు తెలిపినవారిలో ఒకడు మన తెలుగువాడని మీలో ఎందఱెఱుగుదురు? ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. యౌవనమున ఇరువురు సోదరులు సంగ్రహణి జబ్బుచేత మరణించిరి. తానును అదే జబ్బున బడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత తేఱుకొనెను. మదరాసున వైద్యము చదివి, 1922లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట సైరస్ ఫిస్కే యను ఆచార్యునితో గూడి 1925లో నెత్తుటిలోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. ఆ కొలబద్ద చేతికి వచ్చినందుననే 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్ అను శక్తినిలువ వారికి చిక్కెను. 1929లో ఏటీపీ తేలెను. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని వేఱుగా కనుగొనెను. ఊరూర సర్కారువారు బోదకాలు రాకుండ పంచు డీఈసీ మాత్ర మీకు తెలిసినదే. అదియు తరువాత లెడర్లీ సంస్థలో సుబ్బారావుగారి నాయకత్వమున వెలువడినదే. 1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే కన్నుమూసెను. నోబెల్ బహుమానము రాలేదు. మన బడిపుస్తకములలో ఆయనకు దొరకిన చోటు చాలదని నా యభిప్రాయము.

మెదడులో ఒక నీరటికాడు కూడ నున్నాడు. నిజాంసాగరపు కాలువమీద తూము తీయువాడు, మూయువాడు లేనిదే చివరి మడికి నీరందదని మీకు నేను చెప్పనక్కరలేదు. నెత్తుటి నాళమునకును నాడీకణమునకును నడుమ నక్షత్రపు ఆకారముగల కణములు కూర్చుండి, ఎక్కడ పని జరుగుచున్నదో అక్కడకు ఇంధనమును మళ్లించును. ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు నెత్తురెక్కువగ పాఱునని 1890లోనే రాయ్, షెరింగ్‌టన్ అను ఆంగ్ల పండితులు వ్రాసిరి. ఈ నక్షత్రకణముల ముచ్చట మరల వచ్చును, గుర్తుంచుకొనుడు.

ఒత్తిడి సంగతికి వత్తము. ఎద్దు పొదలో అలికిడి విని బెదరినప్పుడు దాని గుండె వేగముగ కొట్టుకొనును, కండ బిగియును, కన్ను విప్పాఱును. అలికిడి అణగిన కొంతసేపటికి అది మరల తలవంచి గడ్డి మేయును. మనకును ఇట్టి యేర్పాటే కలదు. మూత్రపిండముల నెత్తిన టోపీలవలె రెండు గ్రంథులున్నవి. ఆపద వేళ అవి అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను నెత్తుటిలోనికి విడుచును. కార్టిసాల్ కాలేయమునుండి చక్కెరను నెత్తుటిలోనికి తెచ్చి, పోరాడుటకో పాఱిపోవుటకో శరీరమును సిద్ధపఱచును. ఇది శత్రువు కాదు. ఇది లేనివాడు బ్రతుకజాలడు. కాని మనుష్యునకు ఎద్దునకు లేని శక్తి యొకటి కలదు. అలికిడి లేకున్నను తలచుకొనగలడు. అప్పులవాడు ఇంటిముందు నిలిచినది ఒక్క గడియయే. వాని మాట రాత్రియంతయు చెవిలో నుండును. శరీరమునకు నిజపు పులియు, తలపులోని పులియు ఒక్కటే. తూము తెఱచినది తెఱచినట్లే యుండిపోవును. హాన్స్ సెల్యే యను వైద్యుడు 1936లో ఈ విధమైన ఎడతెగని ఒత్తిడి శరీరమును ఎట్లు పాడుచేయునో ఎలుకలయందు చూపెను. అప్పటినుండియే ఈ శాస్త్రము పెరిగినది.

సాధారణముగ కార్టిసాల్ తెల్లవారునప్పటికి హెచ్చి, నడిరేయికి తగ్గును. ఒత్తిడి మాసములు సాగినచో రాత్రి తగ్గవలసినంత తగ్గదు. కావుననే దిగులు పట్టినవాడు మూడు గంటలకే మేలుకొని కప్పు చూచుచు పడియుండును. వానికి ప్రొద్దుటి పూట ప్రాణము మిక్కిలి బరువుగ నుండును. ప్రొద్దుగూకిన తరువాత కొంత తేలికయగును. మీరు ఊరిలో పరికించి చూచిన ఇది మీకే కానవచ్చును. పనికి పోవలసిన ప్రొద్దుననే లేవలేకపోవుటచేత వానికి సోమరి యను పేరు వచ్చుచున్నది.

ఇందులో నాకు మిక్కిలి ఆశ్చర్యమైన సంగతి వినుడు. 1968లో బ్రూస్ మెక్యూవన్ అను పండితుడు ఎలుకల మెదడులో ఈ ఒత్తిడిరసము పోయి చేరు చోటును కనుగొనెను. అది హిప్పోకాంపస్, జ్ఞాపకమునకు ముఖ్యమైన తావు. ఒత్తిడిరసము ఎక్కువకాలము ఎక్కువగ నున్నచో అక్కడి కణములు గ్లూకోజును లోనికి తీసికొనుట తగ్గునని తరువాతి పరిశోధనలలో తేలినది. నెత్తుటిలో చక్కెర హెచ్చుచుండును. మెదడులోని ఒక మూల ఆకలిగొనును. 2015 డిసెంబరులో బోధను కార్ఖానా మూతపడిన తరువాత ఇది అర్థము చేసికొనుట మనవారికి కష్టము కాదు. పొలమున చెఱకు నిలిచియున్నది, నీరున్నది, చేతులున్నవి. గానుగ ఆడనప్పుడు ఆ తీపి యేమి కావలెను? చెఱకు దూరపు మిల్లులకు తోలుకొని పోయినవారు పోయిరి. చెఱకు నాటుటయే మానినవారు అనేకులు. లోపము తీపిలో లేదు, దానిని శక్తిగా మార్చు చోట నున్నది.

మధుమేహము గలవారిలో మనోవిషాదము తక్కినవారికంటె ఇంచుమించు రెట్టింపుగ కనబడుటకు కారణములలో ఇదియు నొకటి కావచ్చును. ఒకటి మాత్రమే, రోగముతో బ్రతుకుటయే దిగులు పుట్టించు సంగతి కాదా?

మనోవిషాదము గలవారి మెదడును యంత్రములతో చూచినవారు ఏమి కనిరి? 1980వ దశకమునుండి, మెదడులో ఏ భాగము ఎంత గ్లూకోజును వాడుచున్నదో బొమ్మగీసి చూపు యంత్రములు వచ్చినవి. నుదుటి వెనుక ఎడమప్రక్కన ఆలోచించి నిర్ణయించు భాగమొకటి కలదు. విషాదరోగులలో అనేకులయందు ఆ భాగము మందగించి, తక్కువ ఇంధనమును వాడుచుండెను. వారికి నయమైనప్పుడు అదియు తిరిగి తేఱుకొనుట చూచిరి. ఇట్లు చెప్పినంతనే మెదడంతయు చల్లారినదని యెంచరాదు. హెలెన్ మేబర్గ్ అను వైద్యురాలు లోతుగానున్న మఱియొక చిన్న భాగము, దుఃఖముతో సంబంధించినది, మండవలసినదానికంటె ఎక్కువగ మండుచున్నదని చూపెను. కొన్ని మడులు ఎండుచుండగా ఒక మడి మునుగుచున్నదన్నమాట. నీరు మొత్తముమీద తక్కువగుటకంటె, పంపిణీ చెడుట ఇచ్చట అధికము. ఏండ్ల తరబడి మరల మరల విషాదమున బడినవారిలో హిప్పోకాంపస్ కొంత చిన్నదగుటయు కనుగొనబడినది.

నక్షత్రకణములను గుర్తుంచుకొనుడని చెప్పితిని గదా. 2013లో చైనా పండితులు ఒక పని చేసిరి. ఒక చిట్టెలుకను బలమైన ఎలుకచేత దినదినము ఓడించి వేధింపజేయగా అది మూలను చేరి, ఎవరితోను కలియక, తీపినీటిమీదను ఆశ వదలుకొనును. అట్టి ఎలుకల మెదడులో కణముల వెలుపలనుండు ఏటీపీ తగ్గియుండుట వారు చూచిరి. నక్షత్రకణములు దానిని విడుచుట తగ్గినది. ఏటీపీని అందజేయగా ఎలుక నడవడి బాగుపడెను. ఎలుక మనిషి కాదు. ఇది మన రోగులకు మందైనదని నేను చెప్పుట లేదు. కాని ఓటమి, అవమానము, వేధింపు అనునవి ఒక జీవి మెదడులోని శక్తివ్యాపారమును మార్చగలవని తెలిసిన పిమ్మట, "అంతయు వాని తలంపులోనే యున్నది" అని కొట్టివేయుట ఎట్లు చెల్లును?

దీర్ఘమైన ఒత్తిడి శరీరమున సన్నని మంటను, వాపును కూడ రగుల్చును. జ్వరము వచ్చినప్పుడు మనకు లేవబుద్ధి పుట్టదు, అన్నము సయించదు, మాటాడ బుద్ధికాదు. రోగముతో పోరాడుటకై శరీరము తక్కిన పనులకు శక్తిని బిగబట్టును. కామెర్ల జాతికి చెందిన ఒక కాలేయరోగమునకు ఇంటర్‌ఫెరాన్ అను మందును ఇచ్చిన కాలమున, అంతకుముందు సంతోషముగ నున్నవారు సహితము అనేకులు విషాదమున బడిరి. ఆ మందు వాపును పెంచు జాతిది. జ్వరముతో పండుకొన్నవానిని మనము సోమరి యనము. వాని నుదుట చేయి పెట్టి వేడి చూతుము. విషాదరోగి నుదుట వేడి యుండదు, ఇంతే భేదము.

నాకడ చదివిన ఒక రైతు సంగతి చెప్పెదను. ఊరు పేరు అక్కరలేదు. బడిలో లెక్కలందు మొదటివాడు. వరుసగా మూడు బోర్లు వేసిన మూడింటను నీరు పడలేదు. అప్పు పెరిగెను. ఆ రోజులలో పొలమునకు విద్యుత్తు రాత్రివేళ వంతులవారీగ వచ్చుచుండెడిది. 24 గంటలు ఇచ్చుట 2018 జనవరి 1 నుండి గదా మొదలైనది. కావున రేయి రెండు గంటలకు లేచి మోటారు వేయబోవుట, పగలు అప్పులవారితో మాటాడుట. రెండు సంవత్సరములు ఇట్లే గడచినవి. పిమ్మట నీరు దొరకినది, పంటయు వచ్చినది. అప్పుడు పడినాడు. ఇదియే ఎవరికిని అర్థము కాలేదు. "కష్టకాలమున నిలిచినవాడు ఇప్పుడేల మంచమెక్కినాడు?" అని చావడిలో మాట. గడ్డము పెరిగెను, స్నానము మానెను, కుమార్తె పెండ్లి మాట ఎత్తినను పలుకడు. నేను పోయి కూర్చున్నప్పుడు "పంతులుగారూ, చెంబెత్తి నీళ్లు త్రాగుటకు గంటసేపు ఆలోచింపవలసి వచ్చుచున్నది" అనెను. ఏ గ్రంథములోను ఇంతకంటె మంచి లక్షణము నేను చదువలేదు. వాని భార్య, నా వైద్యశిష్యుడు, నేను, మువ్వురము కలిసి దవాఖానాకు తీసికొనిపోతిమి. ఐదవ వారమున వాడు తనంతట తాను గడ్డము గీయించుకొనెను. పూర్తిగా కుదుటపడుటకు మఱి యెనిమిది నెలలు పట్టినది.

మన జిల్లాలో విషాదమునకు ఊరివారు చెప్పు మందు వేఱొకటి కలదు, కల్లు. మంచి కల్లును గూర్చి నేను వాదింపను. కాని అల్ప్రాజోలం, డయాజిపాం వంటి నిద్రమందులను కలిపిన కల్లు మనవైపు ఎంత అమ్ముడుపోయినదో మీరెఱుగుదురు. 2015లో సర్కారువారు ఆ కలుపుటను అరికట్టినప్పుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో జనులు వణకుచు, పిచ్చిమాటలాడుచు దవాఖానాలకు గుంపులుగ వచ్చిరి. త్రాగినవారిలో ఎందఱు లోలోపల విషాదరోగులో ఎవరు లెక్కించిరి? ఈ మందులు మెదడును చల్లార్చి, ఒక్క రాత్రి నిద్రనిచ్చి, మఱునాడు అప్పును వడ్డీతో వసూలు చేయును. ఒకనాడు కల్లు చాలింపుమని బలవంతముగ ఆపుటయు అపాయమే. వైద్యుని చూచి మెల్లగా తగ్గింపవలెను.

2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు 12 రాష్ట్రములలో విచారించి, పెద్దవయసువారిలో ఇంచుమించు ఇరువదిమందిలో ఒకరు జీవితమున ఎప్పుడో యొకప్పుడు ఈ విషాదమున బడినవారేయని తేల్చిరి. రెండువందల గడపల ఊరిలో ఎందఱుందురో మీరే లెక్క వేసికొనుడు. చికిత్స అందినవారు అందులో కొద్దిమందియే.

ఇక చేయవలసిన పని. రెండు వారములు దాటి ఒకడు దేనియందును సంతోషము లేక, నిద్రయు ఆకలియు చెడి, పనినుండి తొలగి, తాను ఎందుకును పనికిరానని చెప్పుచున్నచో దవాఖానాకు తీసికొనిపొండు. ముందుగ నెత్తురు చూపింపుడు. థైరాయిడు గ్రంథి మందగించినను, బీ12 విటమిను తక్కువైనను, రక్తహీనతయైనను అచ్చముగ ఇట్లే కనబడును. మాంసము ముట్టని ఇండ్లలో బీ12 లోపము మిక్కుటము. అవి కానిచో మానసిక వైద్యుడు మాత్రలిచ్చును. ఇవి కల్లువలె వ్యసనమగునవి కావు. కాని మొదటి రెండు మూడు వారములలో గుణము కనబడకపోవుట సహజము. అప్పుడే చాలమంది "ఇవి పనిచేయవు" అని పాఱవేయుదురు. నయమైన పిమ్మటను ఆఱు నెలలకు తక్కువ కాకుండ వాడవలెను; వైద్యుడు చెప్పనిదే ఒక్కసారిగ మానరాదు. మాటలతో చేయు చికిత్సయు నున్నది. మితమైన రోగమునకు అది మాత్రలతో సమానముగ పనిచేయును. ప్రొద్దుటి యెండలో నడక కండలలో కొలుములను పెంచును, మనసును తేలికపఱచును; రోగి తానుగా లేవడు గావున ఎవరో యొకరు తోడు నడువవలెను. నిద్రవేళ మారకుండ చూడవలెను.

సుబ్బారావుగారు చూచిన క్రియాటిన్ పొడిని విషాదరోగుల మాత్రలతోబాటు ఇచ్చి చూచుచున్నారు. 2012లో దక్షిణ కొరియాలో కొద్దిమంది స్త్రీలపై చేసిన పరీక్ష ఆశ పుట్టించినది. కాని యిట్టి పరీక్షలు చిన్నవి, ఇంకను తేలవలసియున్నది. పట్టణమున డబ్బాలలో అమ్ముచున్నారని కొనితెచ్చి పెట్టవలదు.

చావు మాట ఎవరైన ఎత్తినచో, లేక వీడుకోలు చెప్పినట్లు మాటాడినచో, "అట్లనవచ్చునా" అని కసరవలదు. "చనిపోవలెనని తోచుచున్నదా?" అని నెమ్మదిగ అడుగుడు. అడిగినందున ఆ తలంపు పుట్టదు. చెప్పుకొనుటకు దారి దొరకును. ఆ రాత్రి వానిని ఒంటరిగ విడువరాదు. పురుగుమందు డబ్బాలు ఇంటినుండి తీసి, వేఱొకచోట తాళము వేయవలెను. మాత్రల పొట్లము ఇంటివారిలో ఒకరి చేతనుండవలెను. పంచాయితీ పెద్దలు ఒక సంగతి తెలిసికొనుడు: 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయినవానిని తీవ్రమైన ఒత్తిడిలోనున్నవానిగ భావించి, శిక్షింపక చికిత్స కల్పింపవలెనని చెప్పినది. కేసు భయముచేత దవాఖానాకు తీసికొనిపోకుండుట తగదు. రాత్రియైనను పగలైనను 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసిన, టెలిమానస్ అను సర్కారు సేవలోనివారు తెలుగులోనే మాటాడుదురు. ఇది 2022 అక్టోబరు 10న మొదలైనది, ఖర్చు లేదు. రోగి తాను చేయలేకున్న, ఆతని ప్రక్కన కూర్చుండి మీరు చేయవచ్చును. ఆ సంఖ్యను మరల చెప్పుచున్నాను, వ్రాసికొనుడు: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆఱు.